బ్లూటూత్ రాజు హరాల్: రాయి మీద ఉన్న కథ, జనం నోట పెరిగిన కథ

మీరు అడిగినవి మూడు. ఫోన్‌లో ఉండే బ్లూటూత్‌కి ఆ పేరు నిజంగా ఒక వైకింగ్ రాజు నుంచే వచ్చిందా? ఆయన బ్లూబెర్రీలు తినీ తినీ పళ్లు నీలంగా మారాయన్నది నిజమేనా? దేశాలన్నీ కలిపిన అంత పెద్ద రాజుని చివరికి కన్నకొడుకే చంపించాడా?

ముందు సూటిగా చెప్పేస్తాను. పేరు ఆయన నుంచే వచ్చింది. బ్లూబెర్రీల కథకి పాత ఆధారం ఒక్కటీ లేదు. కొడుకు తిరగబడ్డ మాట, ఆ గొడవల్లోనే రాజు పోయిన మాట నిజం. చంపించాడా లేదా అన్నది మాత్రం మీరు ఎవరి కథ వింటున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

నేను డెన్మార్క్‌లో, యూలాండ్ వైపు చాలా ఏళ్లుగా ఉంటున్నాను. ఆయన నిలబెట్టించిన రాయి మా ఇంటి నుంచి కారులో అరగంట. ఇండియా నుంచి చుట్టాలు ఎవరొచ్చినా పిల్లలకి లెగోలాండ్ చూపించి, అటునుంచి అటే ఆ రాయి దగ్గరికి తీసుకెళ్తాను. ప్రతిసారీ ఇవే ప్రశ్నలు వస్తాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈ రాజు గురించి ఏ కథ విన్నా నేను మొదట చూసుకునేది ఒకటే: ఇది ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు? హరాల్ డెన్మార్క్‌కి రాజైంది 958 ప్రాంతంలో. పోయింది 985-987 మధ్య. ఆయన బతికుండగా రాసిన మాటకి, నూరేళ్ల తర్వాత రాసిన మాటకి, రెండు వందల ఏళ్ల తర్వాత రాసిన మాటకి ఒకే విలువ ఇవ్వలేం. ఇంటర్నెట్‌లో మాత్రం ఈ మూడూ కలిపేసి ఒకే కథలా వండేస్తారు.

పేరు సంగతే చూడండి. డేనిష్‌లో ఆయన్ని హరాల్ బ్లోటాన్ అంటారు. బ్లో అంటే నీలం, టాన్ అంటే పన్ను. ఈ పేరు మొదటిసారి కనిపించేది 1140 ప్రాంతంలో, రోస్కిల్డె ఊళ్లో లాటిన్‌లో రాసిన ఒక చరిత్రలో. అప్పటికి ఆయన పోయి నూట యాభై ఏళ్లు దాటింది. పైగా వైకింగులు మాట్లాడిన పాత నార్స్ భాషలో 'బ్లా' అన్న మాటని నీలానికే కాక ముదురు నలుపుకి కూడా వాడేవాళ్లు. మనకిది కొత్తేమీ కాదు. 'నీలాల కురులు' అంటే మనం నల్లటి జుట్టు అనే అర్థం చేసుకుంటాం కదా. పుచ్చిపోయి నల్లబడిన పన్ను ఒకటి ఉండి ఉంటుందన్నదే ఎక్కువమంది ఒప్పుకునే వివరణ.

ఆయన కాలంలోనే ఆయనకి తగిలించిన ఒక విశేషణం ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. సోనర్ విసింగ్ అనే చిన్న ఊరి చర్చిలో ఒక రూన్ రాయి, అంటే రూన్‌లనే పాత అక్షరాలు చెక్కిన రాయి, ఉంది. హరాల్ భార్య టోవె తన తల్లి జ్ఞాపకంగా వేయించిన శాసనం అది. అందులో ఆమె తనని తాను మిస్టివోయ్ కూతురుగా, 'గోర్మ్ కొడుకు మంచి హరాల్' భార్యగా చెప్పుకుంది. ఆయన్ని ఎరిగినవాళ్లు అన్నది మంచి హరాల్ అని. పన్ను ఊసు లేదు. ఈ మిస్టివోయ్ బాల్టిక్ సముద్రం దక్షిణ తీరాన ఉండే స్లావ్ జాతుల నాయకుడు. ఈ అత్తవారి సంగతి గుర్తుంచుకోండి, కథ చివర్లో పనికొస్తుంది.

ఇక మన బ్లూటూత్. 1996లో ఇంటెల్, ఎరిక్సన్, నోకియా కంపెనీలు దగ్గరి దూరంలో పనిచేసే రేడియోకి ఒకే ప్రమాణం తయారు చేయాలనుకున్నాయి. ఇంటెల్ ఇంజనీర్ జిమ్ కార్డాక్, ఎరిక్సన్ ఇంజనీర్ స్వెన్ మాటిసన్ మాటల్లో మాటగా వైకింగ్ చరిత్ర దాకా వెళ్లారు. ఆ తర్వాత కార్డాక్ హరాల్ గురించి చదివి, ఆయన జనాన్ని కలిపినట్టే ఇది ఫోన్లనీ కంప్యూటర్లనీ కలుపుతుంది కదా అని తాత్కాలికంగా ఆ పేరు పెట్టాడు. అసలు పేరు వేరేది పెట్టాలనే అనుకున్నారు. ట్రేడ్‌మార్క్ చిక్కులొచ్చి, 1998లో బయటికి వచ్చేనాటికి తాత్కాలిక పేరే స్థిరపడిపోయింది. ఆ గుర్తు కూడా ఆయనదే. హరాల్‌లోని 'హ'కి హగల్ అనే రూన్, బ్లోటాన్‌లోని 'బ'కి బ్యార్కన్ అనే రూన్, ఈ రెండూ ఒకదాని మీద ఒకటి పెడితే మీ ఫోన్‌లో కనిపించే గుర్తు వస్తుంది.

పేరు కథ అంతే. ఇప్పుడు నాకు ఇష్టమైన చోటికి వద్దాం.

ఆ రాయి ఉన్న ఊరి పేరు జె అక్షరంతో రాస్తారు కానీ పలకడం యెలింగ్ అనే. చిన్న ఊరు. మధ్యలో తెల్లటి సున్నం వేసిన చర్చి, దానికి ఉత్తరాన ఒక పెద్ద మట్టిదిబ్బ, దక్షిణాన ఇంకోటి. చర్చి గుమ్మం ముందు, గాజు పెట్టెల్లో, రెండు రాళ్లు. 2011లో ఎవరో ఈ రాళ్ల మీద రంగు చల్లారు. ఆ ఏడాదే గాజు కట్టారు. చిన్న రాయి హరాల్ తండ్రి గోర్మ్ తన భార్య త్యూరా పేరిట వేయించింది. డెన్మార్క్ అనే మాట ఆ దేశంలో రాతపూర్వకంగా కనిపించే మొదటి చోటు అదే.

పెద్ద రాయి హరాల్‌ది. దాదాపు రెండున్నర మీటర్ల ఎత్తు, సుమారు పది టన్నుల బరువు. మూడు ముఖాలుంటాయి. మామూలుగా రూన్ రాళ్ల మీద అక్షరాలు నిలువు పట్టీల్లో పైకీ కిందికీ వెళ్తాయి. దీని మీద మాత్రం పుస్తకంలో పేజీలా అడ్డంగా, వరస కింద వరస. మొదటి ముఖం మీద ఇలా ఉంటుంది: "హరాల్ రాజు తన తండ్రి గోర్మ్ జ్ఞాపకంగా, తన తల్లి త్యూరా జ్ఞాపకంగా ఈ కట్టడం చేయించాడు. తనకోసం డెన్మార్క్ గెలుచుకున్న హరాల్ ఇతడే." అక్కడితో ఆగి చాలామంది ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. వాక్యం అక్కడ అయిపోలేదు. కుడివైపుకి నడిస్తే, పాము చుట్టుకున్న ఒక పెద్ద జంతువు బొమ్మ ఉంటుంది. దాని కాళ్ల కింద "మొత్తం, నార్వే కూడా" అన్న ముక్క ఉంటుంది. ఇంకో వైపు తిరిగితే క్రీస్తు. చేతులు చాచి ఉంటాడు కానీ శిలువ కనిపించదు, ఒళ్లంతా తీగలు అల్లుకుని ఉంటాయి. ఆ పాదాల కింద చివరి ముక్క: "డేన్లను క్రైస్తవులను చేశాడు." రాయి చుట్టూ తిరిగితే గానీ వాక్యం పూర్తి కాదు. ఇదే క్రీస్తు బొమ్మ 1997 నుంచి డేనిష్ పాస్‌పోర్టులోకి కూడా ఎక్కింది.

ఆ చెక్కిన మనిషి ఎవరో కూడా ఇప్పుడు మనకి తెలుసు. 2023లో పరిశోధకులు ఈ రాయిని 3డి స్కానింగ్ చేసి, ఉలి దెబ్బ ఏ కోణంలో పడింది, అక్షరాన్ని ఎటునుంచి మొదలుపెట్టారు అన్నది కొలిచి చూశారు. లేబోర్గ్ అనే ఊళ్లో ఉన్న ఇంకో రాయిని చెక్కిన చెయ్యి కూడా ఇదే. ఆ రాయి మీద అతని పేరు ఉంది: రావ్నుంగె తూవె. వెయ్యేళ్ల తర్వాత ఒక శిల్పి చేతి అలవాటు బయటపడడం నాకు ఏ రాజు కథకన్నా గొప్పగా అనిపిస్తుంది.

ఇక్కడ ఒక మాట గమనించండి. రాయి 'కలిపాడు' అనడం లేదు. 'తనకోసం గెలుచుకున్నాడు' అంటోంది. ఈ తేడా చిన్నది కాదు. బ్లూటూత్ కథలో ఆయన అందరినీ కూర్చోబెట్టి సయోధ్య చేసిన పెద్దమనిషిలా కనిపిస్తాడు. నేల తవ్వితే బయటపడే హరాల్ వేరు. ఆయన కట్టించిన వాటిలో చాలాభాగం అదుపులో పెట్టడానికి కట్టినవే.

అందులో ముఖ్యమైనవి గుండ్రటి కోటలు. ట్రెలెబోర్గ్, ఫ్యుర్కాట్, ఆగర్స్‌బోర్గ్, ఇంకొన్ని. అన్నీ 970ల చివర, 980 ప్రాంతంలో లేచినవి. కాంపస్‌తో గీసినంత గుండ్రంగా మట్టి గోడ, నాలుగు వైపులా నాలుగు ద్వారాలు, మధ్యలో కలుసుకునే రెండు వీధులు, అలా ఏర్పడ్డ నాలుగు భాగాల్లో చదరంగా పేర్చిన పొడవాటి చెక్క ఇళ్లు. ట్రెలెబోర్గ్ గోడ లోపల 16 ఇళ్లుంటే, అన్నిటికన్నా పెద్దదైన ఆగర్స్‌బోర్గ్‌లో 48. అది లోపల 240 మీటర్ల వెడల్పు ఉంటుంది. వేర్వేరు చోట్ల ఉన్నా కొలతలు ఒకే పద్ధతిలో ఉన్నాయంటే ఒకే రాజు ఆజ్ఞ మీద కట్టారన్నమాట. యెలింగ్‌కి పది కిలోమీటర్ల దూరంలో వైలే నది పచ్చిక బీళ్ల మీద 760 మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పుతో ఓక్ దుంగల వంతెన కూడా ఆ రోజుల్లోనే వేశారు. దానికి ఎన్ని చెట్లు కొట్టి ఉంటారు, ఎంతమంది మోసి ఉంటారు అని ఆలోచించండి. ఆ మోసినవాళ్లు ఆయన్ని ఏమనుకున్నారో ఏ రాయి మీదా లేదు.

ఇంత చేసి, ఈ కోటలు వాడింది కొద్ది ఏళ్లే. పాడైన ఇళ్లకి మరమ్మతు చేసిన జాడ కూడా లేదు.

ఫ్యుర్కాట్ గురించి ఒక్క విషయం చెప్పకుండా ఉండలేను. కోట పక్కనే ఉన్న శ్మశానంలో ఒక స్త్రీ సమాధి దొరికింది. ఆమెని బండి పెట్టెలో పడుకోబెట్టి పాతిపెట్టారు. ఒంటి మీద ఎరుపు, నీలం బట్టలు, బంగారు జరీ. పక్కన ఒక లోహపు కర్ర, మధ్య ఆసియా నుంచి వచ్చాయనుకునే కంచు గిన్నెలు, హెన్‌బేన్ అనే మొక్క గింజలు. మన ఉమ్మెత్త కుటుంబానికే చెందిన మొక్క అది, ఒంట్లోకి వెళ్తే భ్రమలు పుట్టిస్తుంది. కాలి వేళ్లకి వెండి ఉంగరాలున్నాయి. స్కాండినేవియాలో ఇంకెక్కడా ఇలాంటివి దొరకలేదు. మ్యూజియంలో ఈ వివరం చదివినప్పుడు మా అమ్మ "మెట్టెలు!" అని గట్టిగా అనేసింది. అవి మన మెట్టెలే అని నేను అనను. కానీ ఆమె చేతి కర్ర, ఆ గింజలు చూసి పండితులు ఆమెని సోదె చెప్పే వోల్వాగా గుర్తించారు. డేన్లను క్రైస్తవులను చేశానని రాయి మీద చెక్కించిన రాజు కోట పక్కనే, పాత దేవతల తరఫున పలికే స్త్రీకి అంత మర్యాదగా ఖననం జరిగింది. రాయి మీద మాట ఒక రోజులో అయిపోతుంది, జనం మారడానికి తరాలు పడుతుంది.

అసలు ఆయన మతం ఎందుకు మారాడు? దీనికి దాదాపు అప్పటికప్పుడే, 968 ప్రాంతంలో, విడుకింద్ అనే సాక్సన్ సన్యాసి రాసిన కథ ఉంది. విందులో దేవుళ్ల గురించి వాదన వచ్చింది. క్రీస్తు దేవుడే, కాదనం, కానీ మా దేవుళ్లు ఇంకా పెద్దవాళ్లు అన్నారు డేన్లు. దేవుడు ఒక్కడే అన్నాడు పొప్పో అనే పూజారి. అయితే రుజువు చెయ్యి అన్నాడు హరాల్. మర్నాడు ఎర్రగా కాల్చిన ఇనుము తెప్పించాడు. రాజు చాలన్నంతసేపు పొప్పో దాన్ని పట్టుకుని, చెయ్యి చూపించాడు. బొబ్బ కూడా లేదు. ఆ తర్వాత కథలో ఇనుప ముక్క కాస్తా ఇనుప గ్లవ్ అయింది. 1200 ప్రాంతపు టామ్‌ద్రుప్ చర్చి రేకుల మీద ఆ బొమ్మలున్నాయి, ఇప్పుడవి కోపెన్‌హాగెన్ నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి. బంగారు పూత పూసిన రాగి రేకులు. ఒకదాంట్లో రాజు పీపాలో నిలబడి బాప్తిస్మం తీసుకుంటూ ఉంటాడు.

దక్షిణాన పొరుగునే జర్మన్ చక్రవర్తి ఒట్టో ఉన్నాడన్నది మర్చిపోకూడదు. పక్క రాజ్యం క్రైస్తవం కాకపోతే దండెత్తడానికి ఆయనకి అదొక సాకు. 948లోనే డెన్మార్క్ ఊళ్లకి జర్మన్ చర్చి ముగ్గురు బిషప్‌లని నియమించింది. హరాల్ తనంతట తానే బాప్తిస్మం తీసుకోవడంతో ఆ సాకు పోయింది. అందులో భక్తి లేదని నేననను. కానీ తెలివి బాగానే ఉంది. అయినా సరిహద్దు ప్రశాంతంగా లేదు. 974లో రెండో ఒట్టో దక్షిణ సరిహద్దు గోడ దగ్గర డేన్లని ఓడించాడు, ఆ పోయిన భూమి 983లో గానీ తిరిగి రాలేదు. నార్వే కూడా చేజారింది. అక్కడ ఆయన తరఫున ఏలుతున్న హాకోన్ ప్రభువు కప్పం ఆపేశాడు. స్నోరి అనే ఐస్లాండ్ రచయిత రాసిన కథ ప్రకారం హరాల్ హాకోన్‌కి బలవంతంగా బాప్తిస్మం ఇప్పించి, వెంట పూజారులనిచ్చి పంపాడు. గాలి అనుకూలించగానే హాకోన్ వాళ్లందరినీ ఒడ్డున దింపేసి, తన దారిన తాను ఓడ నడిపించుకుపోయాడు.

1230 ప్రాంతంలో ఐస్లాండ్‌లో రాసిన ఆ స్నోరిదే ఇంకో కథ, పిల్లలకి చెబితే కళ్లు పెద్దవి చేసుకుని వింటారు. హరాల్ మనిషి ఒకడు ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఐస్లాండ్ ఓడలోని సరుకు లాక్కున్నాడు. దానికి ఐస్లాండ్ జనం ఊరుకోలేదు. దేశంలో ఎన్ని ముక్కులుంటే అన్ని తిట్టు పద్యాలు హరాల్ మీద కట్టాలని తీర్మానం చేశారు. తలకో పద్యం అన్నమాట. రాజుకి ఒళ్లు మండి, ఒక మాంత్రికుణ్ణి తిమింగలం రూపంలో పంపి ఐస్లాండ్ చూసి రమ్మన్నాడు. తూర్పు తీరంలో లోపలికి దూరబోతే డ్రాగన్ ఎదురొచ్చింది. ఉత్తరాన రెక్కలు రెండు వైపులా కొండల్ని తాకేంత పక్షి. పడమర సముద్రంలోకి దిగి రంకెలేసే ఎద్దు. దక్షిణాన ఇనప కర్ర పట్టుకున్న, కొండలకన్నా ఎత్తైన రాక్షసుడు. తిమింగలం వెనక్కి తిరిగింది. ఆ నలుగురు కాపలాదారులే ఈ రోజుకీ ఐస్లాండ్ రాజముద్ర మీద నిలబడి ఉన్నారు. డెన్మార్క్ రాజుని తిప్పికొట్టిన కథ ఒక దేశానికి గుర్తయింది.

1200 ప్రాంతంలో లాటిన్‌లో డేన్ల చరిత్ర రాసిన సాక్సోకి హరాల్ అంటే అస్సలు గిట్టదు. ఆయన చెప్పిన కథలో టోకో అనే సైనికుడు తాగిన మత్తులో, కర్ర మీద యాపిల్ పండు పెడితే ఒక్క బాణంతో కొడతానన్నాడు. రాజు ఆ కర్ర బదులు టోకో కొడుకునే నిలబెట్టించాడు. టోకో మూడు బాణాలు తీసి, మొదటిదాంతోనే పండు కొట్టాడు. మిగతావి ఎందుకని రాజు అడిగితే, మొదటిది గురి తప్పితే నీ కోసం అన్నాడు. విన్నట్టుంది కదా? స్విట్జర్లాండ్ విలియం టెల్ కథ ఇదే. అది కాగితం మీదికి ఎక్కడానికి రెండున్నర శతాబ్దాల ముందే ఇది హరాల్ మీద రాసి ఉంది.

మీ మూడో ప్రశ్నకి సమాధానం కూడా సాక్సో దగ్గర మొదలుపెడతాను. హరాల్ తన తల్లి సమాధి మీద పెట్టడానికి సముద్రపు ఒడ్డున ఒక పెద్ద బండరాయి చూసి, ఎడ్లనీ మనుషుల్నీ కాడి కట్టి లాగిస్తున్నాడట. ఓడల దగ్గర నుంచి వచ్చిన ఒకణ్ణి, మనుషులు ఇంత బరువు లాగడం ఎప్పుడైనా చూశావా అని అడిగాడు. చూశాను, ఇంతకన్నా పెద్దదే, నీ కొడుకు స్వెన్ డెన్మార్క్‌నే తన వైపు లాక్కోవడం చూశాను అన్నాడు వాడు. ఆ తర్వాత తోటలో కాలకృత్యానికి కూర్చున్న రాజుని ఆ టోకోయే బాణంతో కొట్టాడంటుంది కథ. ఇది రెండు వందల ఏళ్ల తర్వాతి మాట. నేను చరిత్రగా తీసుకోను. కానీ ఆ రాయి లాగించే దృశ్యంలో వంతెనలూ కోటలూ మోసిన జనం కడుపుమంట జ్ఞాపకం కొంత ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అంతకు పాతది జర్మనీలోని బ్రెమెన్ చర్చికి చెందిన ఆడమ్ రాసింది, 1075 ప్రాంతం. ఆయనకి ఈ సంగతులు చెప్పినవారిలో డేన్ల రాజు స్వెన్ ఎస్ట్రిడ్సన్ ఒకరు. ఆయన స్వయానా హరాల్‌కి మునిమనవడు, తిరగబడ్డ స్వెన్‌కి మనవడు. ఆడమ్ ప్రకారం యుద్ధంలో గాయపడ్డ హరాల్ ఓడెక్కి స్లావ్‌ల ఊరు యుమ్నెకి పారిపోయి, అక్కడ నవంబర్ 1న కన్నుమూశాడు. ఇప్పటి పోలండ్‌లోని వోలిన్ అదేనంటారు. భార్య టోవె పుట్టిల్లు ఏ జాతివాళ్లదో గుర్తుంది కదా, కష్టంలో ఆయన వెళ్లింది ఆ వైపే. ఆడమ్ ఆయన్ని మతం కోసం ప్రాణమిచ్చిన పుణ్యాత్ముణ్ణి చేశాడు, కొడుకుని మతద్రోహిని చేశాడు. అది నమ్మబుద్ధి కాదు. ఎందుకంటే ఆ కొడుకు 995 ప్రాంతంలో తన పేరుతో వేయించిన నాణేల మీద శిలువే ఉంది. కాబట్టి నా సమాధానం: తిరుగుబాటు కొడుకుదే, గాయం ఆ యుద్ధంలో తగిలిందే, కావాలని చంపించాడనడానికి నమ్మదగిన పాత మాట లేదు.

2018లో ఆ దారిలోనే, జర్మనీకి చెందిన ర్యూగెన్ దీవి మీద ఒక పొలంలో వెండి నిధి దొరికింది. మెటల్ డిటెక్టర్ పట్టుకుని వెతుకుతున్న ఇద్దరిలో ఒకడు 13 ఏళ్ల కుర్రాడు. మొదట అల్యూమినియం ముక్క అనుకున్నాడట. తవ్వితే గొలుసులు, ఉంగరాలు, ముక్కలు చేసిన వెండి, నాణేలు. వాటిలో దాదాపు వంద నాణేలు హరాల్ కాలానివి. అన్నిటికన్నా పాతది 714లో డమాస్కస్‌లో కొట్టిన దిర్హమ్, అన్నిటికన్నా కొత్తది 983 నాటిది. ఆ హడావిడి రోజుల్లో రాజు వెంట ఉన్నవాళ్లెవరో మళ్లీ వచ్చి తీసుకుందామని పాతిపెట్టి ఉంటారని చాలామంది అనుకుంటున్నారు. ఎవరూ తిరిగి రాలేదు.

శవాన్ని ఆయన సైనికులే రోస్కిల్డెకి తెచ్చి, ఆయన కట్టించిన హోలీ ట్రినిటీ చర్చిలో పూడ్చారని ఆడమ్ అంటాడు. ఈ రోజు అక్కడ ఎర్ర ఇటుకల పెద్ద కేథడ్రల్ ఉంది, డెన్మార్క్ రాజులూ రాణులూ వరసగా అందులోనే ఉన్నారు. హరాల్ సమాధి మాత్రం దొరకలేదు. తండ్రి గోర్మ్ సంగతి వేరు. యెలింగ్‌లో ఉత్తరపు దిబ్బ కింద 958-59 చలికాలంలో నరికిన కలపతో కట్టిన గది ఉంది, అది ఖాళీ. 1970ల్లో చర్చి నేల తవ్వితే మాత్రం ఒక మగమనిషి ఎముకలు, బంగారు జరీ పోగులు దొరికాయి. క్రైస్తవుడైన కొడుకు తండ్రిని దిబ్బలోంచి తీసి చర్చిలో పడుకోబెట్టి ఉంటాడన్నది చాలామంది చరిత్రకారుల నమ్మకం. 2000లో ఆ ఎముకల్ని మళ్లీ ఆ చర్చి నేల కిందే పెట్టారు. లోపలికి వెళ్తే ఆ చోటికి గుర్తుగా నేల మీద వెండి గీత కనిపిస్తుంది.